సందు

రాత్రి రెండు దాటాక
వంతెన మాది.
నాదీ, పరదేశిదీ, రెండు ఇనప చువ్వలదీ.
నారింజ రంగు కోన్లు ఆరు నిలబెట్టి
సగం రోడ్డు మూసేస్తాం.
మిగతా సగంలో పోర్టు లారీలు
బొగ్గు రాల్చుకుంటూ పోతుంటాయి.

సందులు తీయడం మా పని.
వంతెన ఒక్క ముక్క కాదని దాటేవాళ్ళకి తెలీదు.
పలకకీ పలకకీ మధ్య
బొటనవేలు దూరేంత సందు.
అలాంటివి ముప్పై మూడు.
ఎందుకూ అనడిగాను, చేరిన కొత్తలో.
"ఎండకి సాగుతాది, సలికి ముడుసుకుంటాది.
సోటివ్వకపోతే దాని రొమ్ము అదే పగలగొట్టుకుంటాది"
అన్నాడు పరదేశి, ఆరిన బీడీ చెవిలో దోపుకుంటూ.

పగలంతా ఊరు దాటుతూ దాటుతూ
వీటిల్లో ఏవో పారేసుకుంటుంది.
చువ్వతో గీరితే పైకొస్తాయి:
ఎర్ర ఖనిజం పొడి, మంచుకి తడిసి
బెల్లం అచ్చులా గట్టిపడింది.
లారీ నట్టు. జీడిపిక్క. సగం గాజు.
సింహాలు అరిగిపోయిన రూపాయి.
కేజీహెచ్ ఓపీ చీటీ,
సరిగ్గా పేరు దగ్గరే చిరిగింది.
ఒకసారి పాలపన్ను.
ఇంటి కప్పు మీదకి విసరాల్సింది,
బస్సు కిటికీలోంచి విసిరారో ఏమో.
పరదేశి దాన్ని రైలింగు మీంచి
కింద పోతున్న గూడ్సు మీదకి గిరాటేశాడు.
"ఏదో ఒక కప్పు మీద పడాల గదా!"

ఆ గూడ్సులు కిరండోల్ కొండల్ని
పెట్టెల్లో పోసుకుని తెస్తాయి.
మా కిందనుంచే ఓడల్లోకి పోతాయి.
అవి పోతున్నంతసేపూ
వంతెనకి ఒళ్ళు జలదరిస్తుంది.
చెప్పులిప్పి నిలబడితేనే తెలుస్తుంది.

ఇది లేనప్పుడు ఇక్కడ గేటుండేది.
పడిందంటే నలభై నిమిషాలు.
ఆ నలభై నిమిషాల్లోనే మా అమ్మ
చలికాలం తంపటేసిన తేగలూ
ఎండల్లో ముంజలూ అమ్మి
మా ముగ్గుర్నీ పెంచింది.
ఊరంతా తిట్టుకునే గేటు
ఇంకోసారి పడాలని
కనకమాలచ్చిమికి మొక్కుకున్నది ఆవిడొక్కతే.

వంతెన తెరిచిన రోజు
ముంజల గంప నెత్తినెట్టుకుని నడిమధ్యదాకా నడిచొచ్చింది.
ఒక్క బండీ ఆగలేదు.
ఆగరాదని బోర్డు కూడా పెట్టారు.
రైలింగు పట్టుకుని చాలాసేపు చూసింది.
కొండ దాటి, అటు నీళ్ళ మీద,
రేవులోకి పిలుపు కోసం
వరసగా తొమ్మిది ఓడలు.
"ఒలే దాలీ, ఆటికి గేటడిపోనాదే" అంది.
పాపం, ముంజలు ఎలా అందిస్తుంది అంతదూరం!

ఇప్పుడు మా ఇల్లు నాలుగో స్తంభం పక్క సందులో.
అమ్మ మంచం మీంచి లేవదు.
బస్సు వెళితే
ఢబ్బు ఢబ్బున ముప్పై మూడు దెబ్బలు
ఒక్కోటి ఒక్కో గొంతు, లెక్కపెడుతుంది.

మొన్న మాఘంలో ఓ పొద్దున్న,
నేనింకా కాళ్ళు కడుక్కోలేదు,
"పదారోది మాటాడ్డం మానీసింది" అంది.
పెద్దదాని చాదస్తం అనుకున్నాను.
ఆ రాత్రి వెళ్ళి చూస్తే నిజమే.
కొత్త అపార్టుమెంటు వాళ్ళకి నిద్ర పట్టడం లేదని
కాంట్రాక్టరు మనుషులు పట్టపగలొచ్చి
పదహారో సందులో సిమెంటు కూరేశారు.
పైన తాపీతో నున్నగా రుద్దారు కూడా.

పరదేశి చెయ్యి పెట్టి చూశాడు.
రోగి నుదురు చూసినట్టు.
పలక అంచున అప్పుడే వెంట్రుకంత బీట.
ఇంకా ఎండలే రాలేదు.

మూడు రాత్రులు తవ్వాం.
ఎవరూ చెప్పని పని, మస్టరులో లేదు, కూలీ లేదు.
ఉలి దెబ్బకి అపార్టుమెంటు మూడో అంతస్తులో
లైటు వెలిగింది, ఎవరో తిట్టారు, ఆరిపోయింది.
సిమెంటు పొడి నా కనురెప్పల మీద,
పరదేశి మీసాల మీద.
నాలుగో తెల్లవారుజామున కోన్లు ఎత్తేశాం.

మొదటి సిటీ బస్సు ఖాళీగా వచ్చింది.
పదిహేను.
పదహారు.
పరదేశి బీడీ వెలిగించాడు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ మేలుకునే ఉంది.
మెచ్చుకుంటుందేమోనని
గుమ్మంలోనే కాస్త ఆగాను.
"ఇరవయ్యోది బొంగురుగా ఉంది,
అదీ ఓపాలి సూడండి" అని
గోడవైపు తిరిగి పడుకుంది.